గట్టు దాటని కల్లు

సంక్రాంతి దాటి మంచు విడుతుండగానే కృష్ణా డెల్టాలోని దివిసీమ తాళ్ళలో అలికిడి మొదలవుతుంది. నడుముకు మోకు, కాళ్ళకు బంధం, మొలలో గీత కత్తి. అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక పొలాల గట్ల మీద గీత కార్మికుడు ఇంకా మసకగా ఉండగానే చెట్టెక్కుతాడు. పై కొసన గెలకు కట్టిన లొట్టిలోకి రాత్రంతా చుక్కచుక్కగా దిగింది వంచుకుంటాడు. గెల చివర కాగితమంత పలచగా ఒక చెక్కు తీసి, లొట్టి మళ్ళీ కట్టి దిగుతాడు. సాయంత్రం మళ్ళీ అదే చెట్టు. గీత తప్పితే కోసినచోటు ఎండి ధార ఆగిపోతుంది. అందుకే సీజనులో పండగా లేదు, పబ్బమూ లేదు.

ఆ లొట్టిలో పడేటప్పుడు అది కల్లు కాదు, తియ్యటి నీరా. పది పన్నెండు శాతం దాకా చక్కెర. లొట్టి లోపల సున్నం పూస్తే తీపి నిలుస్తుంది, కాచి తాటిబెల్లం చేసుకోవచ్చు. పూయకపోతే నిన్నటి లొట్టి గోడల్లో దాగిన ఈస్టు, గాలిలోని సూక్ష్మజీవులు చెట్టు మీదే పని మొదలుపెడతాయి. కొన్ని గంటల్లో నురగ కట్టి, నాలుగైదు శాతం ఆల్కహాలుతో కల్లవుతుంది. మర్నాటికి పులుపు తిరుగుతుంది. ఆ తరవాత మిగిలేది వెనిగరే. కల్లుకు పొద్దున ఒక రుచి, మధ్యాహ్నం ఇంకొకటి. పాకలో తాటాకు దొప్ప పట్టుకు కూర్చున్న పాతకాపులు ఏ చెట్టుదో, ఏ పూటదో ఇట్టే చెప్పేస్తారు.

చెట్టుకూ చెట్టుకూ రుచి మారడం వట్టి మాట కాదు. తాడిలో పోతు వేరు, పెంటి వేరు. పోతుతాడికి కాయ కాయదు, పొడవాటి గెలల్ని నొక్కి మెత్తబరిచి గీస్తారు. పెంటితాడి గెలను గీస్తే కల్లు, వదిలేస్తే వేసవికి ముంజలు. రెండూ కావాలంటే కుదరదు.

ఇలా నేలనూ గట్టునూ పూటనూ పట్టి రుచి చెప్పే అలవాటుకు లోకంలో పెద్దపీట దక్కింది ద్రాక్షసారాకే. స్విట్జర్లాండులో, ఆల్ప్స్ పర్వతాల నీడలో, జెనీవా సరస్సు ఉత్తరపు ఒడ్డున లావో అనే సీమ ఉంది. ముప్ఫై కిలోమీటర్ల మేర కొండవాలు మెట్లుమెట్లుగా రాతిగోడలు, వాటి మీద ద్రాక్షతీగలు. పదకొండో శతాబ్దం నుంచీ మఠాల సన్యాసులు మలచిన నేల అది. అక్కడి ముఖ్య రకం షాస్లా, తెల్ల ద్రాక్ష. తమ తీగలకు ముగ్గురు సూర్యులని అక్కడివాళ్ళు మురిసిపోతారు. ఆకాశంలో ఒకడు, సరస్సు నీళ్ళలో మెరిసేది ఇంకొకడు, పగలు కాగి రాత్రి వేడి వదిలే రాతిగోడ మూడోవాడు. స్విట్జర్లాండు ద్రాక్షసారా నూటికి ఒకటి రెండు పాళ్ళు కూడా దేశం దాటదు, దాదాపు అంతా వాళ్ళే తాగేస్తారు. ఇందులో మన కల్లుకు దగ్గర చుట్టమే. కాకపోతే అది దాటగలిగీ దాటనిది, మనది దాటలేనిది. పీపాలో పోసి నెలలు ఆగితే ద్రాక్షసారా నెమ్మదిస్తుంది. కల్లు ఒక రాత్రి కూడా ఆగదు.

ఆగదు గనకే దాని కష్టాలన్నీ. సీసా, ముద్ర, పేరు, ఎగుమతి ఏవీ అంటలేదు. బందరులో 1611లో కొట్టు పెట్టిన ఇంగ్లిషువాళ్ళ భాషలోకి తాడీ అన్న హిందీ మాట టాడీగా చేరింది గానీ సరుకు మాత్రం ఓడెక్కలేదు. చెట్లు లేని పట్నంలో ఎప్పుడు పడితే అప్పుడు కల్లు దొరుకుతోందంటే అనుమానించాల్సిందే. క్లోరల్ హైడ్రేటు, ఆల్ప్రజోలం వంటి మత్తుమందులు నీళ్ళలో కలిపి అమ్మిన కేసులు తెలుగు నేల మీద ఎన్నో. ఆ పాపం తాడిది కాదు.

చట్టం కూడా దీన్ని తిన్నగా చూసింది తక్కువే. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం వచ్చి గీత కత్తులు మూలపడ్డాయి. రైతు నాయకుడు గౌతు లచ్చన్న గీత కార్మికులతో సత్యాగ్రహం నడిపారు. ఆంధ్ర రాష్ట్రం పుట్టి ఏడాది తిరిగిందో లేదో, 1954 నవంబరులో ఈ నిషేధం గొడవ మీదే ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. నలభై ఏళ్ళకు, గుడివాడ దగ్గర నిమ్మకూరులో పుట్టిన ఎన్టీఆర్ మళ్ళీ నిషేధం ఫైలు మీదే ముఖ్యమంత్రిగా తొలి సంతకం పెట్టారు.

లావోలో చట్టం కథ వేరు. ఇళ్ళ స్థలాలు ద్రాక్షతోటల్ని మింగేస్తున్నాయని ఫ్రాంజ్ వెబర్ అనే పర్యావరణవాది ఉద్యమం లేవదీస్తే, 1977లో లావో ఉన్న వో రాష్ట్ర ఓటర్లు ఆ సీమ రక్షణను తమ రాజ్యాంగంలోకే ఎక్కించారు. 2007లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. అదే 1977లో, నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. వేలమంది కొట్టుకుపోయిన ఆ రాత్రి తాడిచెట్టును కరుచుకుని బతికి బయటపడ్డవాళ్ళ కథలు ఆ ఊళ్ళలో ఇప్పటికీ వినిపిస్తాయి. అంత చేసిన చెట్టుకు ఇక్కడ ఏ ఓటూ పడలేదు. పొరుగున తమిళనాడు మాత్రం తాడిని రాష్ట్ర వృక్షం చేసుకుంది. కలెక్టరు అనుమతి లేకుండా కొట్టరాదని 2021లో ప్రకటించింది.

గుడివాడ చుట్టుపక్కల వరిచేలు చేపల చెరువులైనప్పుడు పాత గట్లతో పాటే వాటి మీది తాళ్ళూ పోయాయి. కొత్త గట్ల మీద కొబ్బరి నాటుతున్నారు. కొబ్బరి అయిదారేళ్ళకు కాపుకొస్తుంది, తాడి గెల వేయడానికి పన్నెండు, పదిహేనేళ్ళు పడుతుంది. అది పోతో పెంటో తెలిసేదీ అప్పుడే. అంతకాలం కాచుకుని ఎవరు నాటుతారు? అసలు డెల్టాలో చాలా తాళ్ళు ఎవరూ నాటినవి కావు. పండు తిని పారేసిన టెంకల్ని పాతరేసి, చలికాలంలో తవ్వి తేగలు కాల్చుకు తింటారు. పాతరకు చేరకుండా గట్టు వారనే ఉండిపోయిన టెంకలే మొలిచి తాళ్ళయ్యాయి.