పూండి పరిసరముల ప్రాచీన శిలాస్థానములు

ప్రాచీన స్థలముల దర్శనమనగానే జనుల మనస్సు గోపురముల వైపునకు, కోటబురుజుల వైపునకు పోవుట సహజము. తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతములకు వచ్చు యాత్రికులు వీరరాఘవస్వామిని సేవించి, తణికాచలమెక్కి సుబ్రహ్మణ్యుని దర్శించి మరలిపోవుదురు. ఈ క్షేత్రములకు చేరువనే, పూండి జలాశయమునకు ఉత్తరమున, అల్లికుళి కొండలు కలవు. ఆ కొండలయందును, వాని చెంత ప్రవహించు కుశస్థలీ నదీతీరమునందును ఆలయములకంటె, శాసనములకంటె, నేటి భాషలన్నిటికంటెను ప్రాచీనమైన మానవుని చేతిపని నేలపై పడియున్నది. దానిని ఎట్లు చూడవలెనో, చూచినవాడు ఏమి చేయరాదో తెలుపుట ఈ వ్యాసోద్దేశము.

అల్లికుళి కొండలు ఎత్తైనవి కావు. సముద్రమట్టమునకు నాలుగువందల మీటర్లకు లోబడినవి. అయినను వాని పుట్టుక మిక్కిలి పురాతనము. పదికోట్ల ఏండ్లకు పూర్వము ప్రవాహములు దొర్లించి తెచ్చిన గుండ్రాళ్లు ఇసుకతోను మట్టితోను కలిసి గట్టిపడి ఈ కొండలైనవి. ఈ గుండ్రాళ్లలో పెక్కు మిక్కిలి కఠినములు. వానిని మఱియొక రాతితో గురిచూచి కొట్టినచో పెచ్చులుగా లేచి, కత్తివంటి అంచు తేలును. ఆదిమానవునకు నీరు, వేట, ఆయుధమునకు తగిన రాయి, ఈ మూడును ఒక్కచోట దొరకిన నేల యిది. అందుచేతనే అతడు ఇచ్చటికి మరల మరల వచ్చెను.

ఈ సంగతిని లోకమునకు మొదట తెలిపినవాడు రాబర్ట్ బ్రూస్ ఫుట్. ఇతడు భారత భూగర్భ పరిశోధనశాఖలో ఉద్యోగి. 1863 మే 30వ తేదీన మదరాసు చెంతనున్న పల్లావరమున ఇతనికి మానవుడు చెక్కిన ఒక రాతిపనిముట్టు కనబడెను. అదే సంవత్సరము సెప్టెంబరు 28న ఇతడు తన సహోద్యోగియగు విలియం కింగుతో కూడి, పూండికి సమీపమున కుశస్థలికి ఉత్తరపు వైపుననున్న అత్తిరంపాక్కమునందు అట్టి ఆయుధములను విశేషముగ కనుగొనెను. అప్పటికి భారతదేశమున ప్రాచీన శిలాయుగమొకటి యుండెనని ఎవ్వరును ఎఱుగరు. ఇచ్చటి చేతిగొడ్డళ్ల సంప్రదాయమునకు తరువాతివారు మదరాసు పేరే పెట్టిరి.

ఆయుధములు దొరకినవి గాని, వాని వయస్సు చిరకాలము తేలలేదు. 1999లో శాంతి పప్పు, కుమార్ అఖిలేశ్ మొదలగు పరిశోధకులు అత్తిరంపాక్కమున క్రొత్తగా త్రవ్వకములు ప్రారంభించిరి. పొర వెంబడి పొరగా నేలను విప్పి, ప్రతి రాతి స్థానమును కొలిచి వ్రాసికొనిరి. 2011లో ప్రకటింపబడిన ఫలితములను బట్టి అడుగుపొరలలోని చేతిగొడ్డళ్లు సుమారు 15 లక్షల ఏండ్లనాటివి. ఎంత తగ్గించి చెప్పినను 10 లక్షల ఏండ్లకు తక్కువ కావు. 2018లో ప్రకటింపబడిన మఱియొక పరిశోధన, పై పొరలలో పెద్ద చేతిగొడ్డళ్లు తగ్గి, ముందుగా రాతిని తీర్చి దానినుండి చిన్న పెచ్చులను కోరిన ఆకారమున తీయు నేర్పు సుమారు 3 లక్షల 85 వేల ఏండ్లనాడే ఇచ్చట మొదలైనదని చూపినది.

ఇంతటి కాలమును రాతినుండి ఎట్లు చదివిరి? నేలపై పడియున్న రాతిమీద అంతరిక్షమునుండి వచ్చు కిరణములు పడి, అందలి స్ఫటికమున బెరీలియము, అల్యూమినియములలో ప్రత్యేకమైన రేణువులను పుట్టించును. రాయి లోతుగ పూడిపోయినంతనే ఆ పుట్టుక ఆగిపోవును, ఉన్నవి క్షీణింపసాగును. అల్యూమినియపు రేణువులు 7 లక్షల ఏండ్లకు సగమగును. బెరీలియపువి సగమగుటకు సుమారు 14 లక్షల ఏండ్లు పట్టును. మిగిలిన రెండింటి నిష్పత్తిని కొలిచిన, రాయి ఎన్నడు పూడినదో తెలియును. పై పొరలకు వేఱొక మార్గము కలదు. ఇసుకరేణువు ఎండ సోకినప్పుడు తనలోని శక్తిని విడిచి, చీకటిలో నేలనుండి మరల కూడబెట్టుకొనును. ఆ కూడికను కొలిచి, అది కడపట సూర్యుని చూచిన కాలమును చెప్పుదురు.

ఇందువలన ఒక సత్యము తేలుచున్నది. వయస్సును చెప్పునది రాయి ఒక్కటియే కాదు. అది పండుకొనియున్న పొర, ఆ పొరలోని మన్ను, దాని లోతు, దాని ప్రక్కనున్న పెచ్చులు. చేతిలోనికి తీసికొని సంచిలో వేసికొన్న క్షణముననే ఆ సాక్ష్యము చెడిపోవును.

ఇతర ప్రాచీన వస్తువులకు ఈ ప్రమాదము ఇంతగా లేదు. తిరువాలంగాడులో 1905లో బయల్పడిన రాజేంద్రచోళుని తామ్రశాసనమును చూడుడు. అది చోటు మారినను తన రాజును, తన వంశమును, తన దానమును తానే చెప్పుకొనగలదు. 1944లో పూర్తియైన పూండి జలాశయపు నీట తిరువెణ్పాక్కపు ఊన్రీశ్వరాలయము మునుగవలసివచ్చినప్పుడు, స్వామికి పూండిలో ఆలయము కట్టిరి. చూపు కోల్పోయిన సుందరమూర్తికి శివుడు ఊతకఱ్ఱ నొసగినాడను కథయు స్వామితోపాటు క్రొత్త గుడికి వచ్చినది. అక్షరమున్న వస్తువునకును, కథయున్న దైవమునకును స్థానభ్రంశము మరణము కాదు. అక్షరములేని రాతికి దాని చోటే అక్షరము.

కావున ఇచ్చటికి వచ్చువారు మొదట పూండిలోని చరిత్రపూర్వయుగ వస్తుప్రదర్శనశాలను చూచుట మేలు. తమిళనాడు పురావస్తుశాఖవారు దానిని 1985లో నెలకొల్పిరి. ప్రకృతి పగిలించిన రాతికిని, మానవుడు చెక్కిన రాతికిని గల భేదము అచ్చట కంటికి పట్టును. చెక్కిన రాతికి రెండు ముఖములందును పెచ్చులు లేచిన గుంటలు వరుసగా నుండును. అంచు వంకరపోక సాగును. ఈ భేదము తెలిసిన పిమ్మట గుడియం గుహలకు పోవలెను. అవి గ్రామమునకు దూరమున పొదలడవిలో నున్నవి. కాలిబాట తప్ప వేఱుమార్గము లేదు. అనుమతి విచారించుకొని, ఊరివారిని తోడు తీసికొని, తగినంత నీరు వెంటబెట్టుకొని ఉదయముననే బయలుదేరవలెను. గుండ్రాళ్లు పొదిగిన పెద్ద చఱియ క్రింద నిలిచిన, మెత్తని మట్టి రాలి గుహ యేర్పడిన తీరు స్పష్టముగ కనబడును. 1962–64 నడుమ ఇచ్చట భారత పురావస్తుశాఖవారు త్రవ్వకములు జరిపిరి. ఊరిజనులు నేటికిని ఈ గుహలో అమ్మవారిని కొలుచుచున్నారు. చెప్పులు విడిచి, వారి పూజకు భంగము కలిగింపక మెలగుట అతిథిధర్మము.

ఈ నేలపై సరిహద్దులు పలుమార్లు మారినవి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మదరాసు రాష్ట్రమున చేరినది. ఉత్తరపు సత్యవేడు ప్రాంతము ఆంధ్రప్రదేశమునకు పోయినది. కొండవరుసకు మాత్రము ఆ గీత తెలియదు. చిత్తూరు సీమ నుండి వచ్చు నగరినది పూండి జలాశయముననే కలియుచున్నది. 1996 మొదలు తెలుగుగంగ కాలువ ద్వారా కృష్ణాజలమును ఇచ్చటికి వచ్చుచున్నది. పదునైదు లక్షల ఏండ్లనాటి చేతిగొడ్డలి తెలుగువానిదియు కాదు, తమిళునిదియు కాదు. అందుచేతనే దానిని కాపాడు బాధ్యత ఇరువురిదియు నగుచున్నది.

ఈ ప్రాంతపు తెలుగు పిల్లలు తమ పాఠ్యపుస్తకములలో దూరదేశముల గుహలను గూర్చి చదువుదురు గాని, తమ ఊరి వాగులోని రాతిని గూర్చి వినుట అరుదు. వినని పిల్లవాడు ఆ రాతిని మామిడికాయకు విసరును. సగము విన్నవాడు ఇంటికి తెచ్చి గూటిలో పెట్టును. పూర్తిగా విన్నవాడు వంగి చూచి, గుర్తు వ్రాసికొని, తన ఉపాధ్యాయునకు తెలిపి, రాతిని ఉన్నచోటనే విడిచివచ్చును. ఈ మూడవవానిని తయారు చేయుట బడులు చేయదగిన పని. అందుకు ధనము అక్కఱలేదు. సంవత్సరమునకు ఒక్క దినము పిల్లలను నడిపించి, చేతులు వెనుకకు కట్టుకొని చూచుట నేర్పిన చాలును.