పలకకు ముందు పలుకు

అక్షరాభ్యాసం నాడు బియ్యంలో దిద్దించడంతో చదువు ఆరంభమవుతుందని తెలుగువారి సంప్రదాయం. శిశుభాషా పరిశోధనలు ఆ ముహూర్తాన్ని ఊయల దాకా జరిపాయి.

కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రకటించిన అధ్యయనంలో, ఇంగ్లీషు కుటుంబాలకు చెందిన 6-8 నెలల పసికందులు హిందీలోని త, ట ధ్వనుల భేదాన్ని గుర్తించగలిగారు. ఏడాది సమీపించేసరికి ఆ శక్తి చాలావరకు సన్నగిల్లింది. తెలుగులో 'పాత', 'పాట' అనే మాటలను వేరుచేసేది ఆ భేదమే. తరువాత నేర్వడం అసాధ్యం కాదు గాని, శ్రమతో కూడినది.

వీడియోలు చాలవా? పట్రీషియా కూల్ బృందం 2003లో అమెరికాలోని 9 నెలల శిశువులకు చైనీయ భాష వినిపించింది. ఎదుట మనిషి కూర్చుని ఆడిస్తూ చదివినప్పుడు ఆ ధ్వనులు వారికి పట్టుబడ్డాయి; తెరమీద చూసినప్పుడు పట్టుబడలేదు.

కనుక ప్రవాస గృహాలలో తల్లిదండ్రులు రోజూ పావుగంట బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకొని బొమ్మల పుస్తకం చూపాలి. "ఇదేమిటి? తరువాత ఏమవుతుంది?" అని అడిగి, బిడ్డ చెప్పిన జవాబుకు మరొక మాట జోడించాలి. పుస్తకం ఇంగ్లీషుదైనా కథ తెలుగులో చెప్పవచ్చు. అమ్మమ్మ, తాతయ్యలు వచ్చి ఉండే నెలలలో ఈ పని వారికి అప్పగించడం మరింత శ్రేయస్కరం.