చిన్న వ్యాపారాల్లో కంప్యూటరు పెత్తనం ఎవరిది?

ఈ శీర్షిక చదివేవారిలో ఎక్కువమంది పెద్ద పెద్ద కంపెనీల్లో పనిచేస్తున్నవారు. అక్కడ కొత్త సాఫ్ట్‌వేర్ ఏది కొనాలి, పాతది ఎప్పుడు పారెయ్యాలి, ఎవరి పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉండాలి అన్నవి తేల్చడానికి ఒక సి.ఐ.ఓ., ఆయన కింద ఒక విభాగం, ఆ విభాగానికి ఒక బడ్జెట్టు ఉంటాయి. కాని మనం శనివారం కూరగాయలు కొనే కొట్టు, ఆదివారం ఇడ్లీ తినే హోటలు, పిల్లల పళ్ళ డాక్టరు, మన ఊళ్ళో మేనమామగారి రైసుమిల్లు, వీటికి సి.ఐ.ఓ. ఎవరు? యజమానే. ఆయనకి ఆ సంగతి తెలియకపోవచ్చు, అంతే.

బ్రిటన్‌లో 250 మంది కంటే తక్కువ ఉద్యోగులుంటే చిన్న, మధ్యతరహా సంస్థ అంటారు. ఇక్కడి ప్రైవేటు సంస్థల్లో నూటికి 99కి పైగా ఆ కోవలోవే. ప్రైవేటు రంగంలో పనిచేసేవాళ్ళలో సుమారు 60 శాతం మంది వాటిలోనే ఉన్నారు. భారతదేశంలో కొలత వేరు, పెట్టుబడినీ టర్నోవరునీ బట్టి చూస్తారు. 2025 ఏప్రిల్ నుంచి 125 కోట్ల పెట్టుబడి, 500 కోట్ల టర్నోవరు దాకా ఆ లెక్కలోకే వస్తాయి. అంటే మనం "చిన్న" అంటున్నది అంత చిన్న విషయమేమీ కాదు.

"డిజిటల్ లీడర్‌షిప్" అన్న మాట నాకు పెద్దగా నచ్చదు. పవర్‌పాయింట్ వాసన వేస్తుంది. కాని దాని వెనక ఉన్న సంగతి గట్టిదే. కంప్యూటరు వాడడం ఒక నేర్పు, కంప్యూటరు వచ్చాక పనిని ఎలా మార్చుకోవాలో నిర్ణయించడం ఇంకో నేర్పు. మొదటిది గుమాస్తాకి ఉంటే చాలు. రెండోది యజమానికో, ఆయన అధికారం ఇచ్చిన మనిషికో ఉండాలి. ఈ తేడా ఎంత పాతదో చెప్పడానికి కరెంటు మోటారు కథ కన్నా మంచిది నాకు తెలియదు.

ఎడిసన్ న్యూయార్కులో పెర్ల్ స్ట్రీట్ విద్యుత్కేంద్రాన్ని 1882లో మొదలుపెట్టాడు. కాని 1900 నాటికి అమెరికా కర్మాగారాల్లో యంత్రాలను తిప్పే శక్తిలో విద్యుత్ మోటార్ల వాటా నూటికి ఐదు పాళ్ళు కూడా లేదు. పెట్టుకున్నవాళ్ళకి కూడా మొదట్లో ఆశించినంత లాభం కనబడలేదు. ఎందుకని? స్టీము ఇంజను రోజుల్లో ఫ్యాక్టరీ అంతటికీ ఒకటే ఇంజను. దాని నుంచి కప్పు కింద పొడుగాటి ఇనప ఇరుసు, ఇరుసుకి గిరకలు, గిరకల నుంచి తోలు బెల్టులు, ఒక్కొక్క బెల్టు చివర ఒక్కొక్క యంత్రం. యంత్రాలు పని జరిగే వరసలో కాకుండా ఇరుసు వెళ్ళే దారిలో ఉండేవి. కరెంటు వచ్చాక యజమానులు చేసిందేమిటంటే, స్టీము ఇంజను పీకేసి దాని చోట ఒక పెద్ద మోటారు పెట్టారు. ఇరుసు, గిరకలు, బెల్టులు ఎక్కడివక్కడే! ఒక్కొక్క యంత్రానికి ఒక్కొక్క చిన్న మోటారు తగిలించి, పని నడిచే వరసలో యంత్రాలను మార్చి, దానికి తగ్గట్టు కొత్త భవనాలు కట్టుకున్న తరవాత, 1920లలో గాని ఉత్పత్తి లెక్కల్లో ఆ తేడా బాగా కనబడలేదు. అంటే నలభై ఏళ్ళ పైమాటే. స్టాన్‌ఫర్డ్‌లో ఆర్థిక చరిత్రకారుడైన పాల్ డేవిడ్ 1990లో రాసిన "ద డైనమో అండ్ ద కంప్యూటర్" అనే వ్యాసంలో ఈ సంగతంతా ఉంది. కంప్యూటర్లు ఇన్ని వచ్చినా ఉత్పాదకత ఎందుకు పెరగలేదని అప్పట్లో అందరూ తల పట్టుకుంటూంటే ఆయన చెప్పిన జవాబు అది.

ఇప్పుడు ఇరుసూ గిరకలూ ఎలా ఉంటాయో చూద్దాం. లండనుకి పడమటి వైపు మాకు తెలిసిన ఒక పెద్దాయనకి సరుకుల గోడౌను ఉంది. పాతికమందికి లోపే పనివాళ్ళు. హోటళ్ళకి, కొట్లకి బియ్యం, పప్పులు, కూరగాయలు వేస్తారు. ఆర్డర్లు రాత్రి పదకొండు దాకా నాలుగు ఫోన్లకి వాట్సాప్‌లో వస్తాయి. వాటిని చీటీల మీద రాస్తారు. చీటీలు చూసి తెల్లవారుజామున వ్యాన్లు నింపుతారు. ఆ చీటీలే మధ్యాహ్నం ఎకౌంట్స్ అమ్మాయి కంప్యూటర్లోకి ఎక్కిస్తుంది. అంతకు రెండేళ్ళ ముందు ఎవరో అమ్మిన ఖరీదైన ఇ.ఆర్.పి. ఒకటి ఉంది, దానితోపాటు వచ్చిన బార్‌కోడు స్కానర్లు అట్టపెట్టెల్లోనే బీరువాలో ఉన్నాయి.

"ఏమయ్యా, ఇరవై ఏళ్ళ నుంచి కంప్యూటర్ల మీదే ఉన్నావు గదా, ఈసారి ఏది కొనమంటావో నువ్వే చెప్పు" అన్నాడాయన.

"కొనడం తరవాత చూద్దాం బాబాయిగారూ, రోజుకి ఎన్ని ఆర్డర్లు తప్పు వెళ్తున్నాయి?" అన్నాను.

"నాలుగో ఐదో ఉంటాయి."

రెండు వారాల పాటు నోటుబుక్కులో రాయించాం. సగటున పదకొండు తేలాయి. అందులో సగానికి పైగా ఒకటే రకం తప్పు. "సోనామసూరి ఒక బ్యాగు" అని మెసేజి వస్తుంది, పదికిలోలదో ఇరవై కిలోలదో అందులో ఉండదు. లోడింగు చూసే తమిళావిడకి ఈ సంగతి మూడేళ్ళ నుంచి తెలుసు. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు, అడక్కుండా చెప్పే హోదా ఆవిడకి లేదు. పెద్దాయన ఆవిడకి ఆ హోదా ఇచ్చారు. నాలుగు ఫోన్లు ఒక్కటయ్యాయి. ప్రతి సరుకుకీ, ప్రతి సైజుకీ ఒక చిన్న నంబరు వేసి జాబితాను హోటళ్ళకి పంపించారు. నంబరు లేని ఆర్డరు వస్తే వెంటనే తిరిగి అడగాలని నియమం పెట్టారు. ఇందులో సాఫ్ట్‌వేర్ ఏదీ లేదని గమనించండి. కొన్ని హోటళ్ళవాళ్ళు విసుక్కున్నారు, ఒకరిద్దరు వేరే చోటికి పోయారు కూడా. ఆ మాత్రం నష్టానికి సిద్ధపడడం యజమాని మాత్రమే చెయ్యగలిగిన పని. ఆరు నెలల తరవాత బీరువాలోంచి స్కానర్లు బయటికి వచ్చాయి, ఎందుకంటే అప్పటికి స్కాన్ చెయ్యడానికి ప్రతి సరుకుకీ ఒక నంబరంటూ ఉంది.

నన్ను ఇంకా ఎక్కువ కంగారుపెట్టిన విషయం వేరే ఉంది. ఏ హోటలుకి ఎంత అప్పు ఇవ్వచ్చు, ఎవరి చెక్కు నమ్మచ్చు, ఎవరికి ఏ ధర అన్నది ఆయన బుర్రలో తప్ప ఎక్కడా లేదు. ఆయనకి డెబ్బై దగ్గర పడుతోంది. కొడుకు డాక్టరు, గోడౌను ముఖం చూడడు. ఆయన ఒక నెల ఆసుపత్రిలో ఉంటే పాతిక కుటుంబాల జీతాలు ప్రశ్నార్థకం అవుతాయి. ఇది ఆ ఒక్క గోడౌను సంగతి కాదు. నికొలస్ బ్లూమ్, అప్రజిత్ మహాజన్ తదితరులు 2008 ప్రాంతాల్లో ముంబాయి దగ్గర తారాపూర్, ఉంబర్‌గావ్ బట్టల మిల్లుల్లో ఒక ప్రయోగం చేశారు. 17 సంస్థలు, 28 మిల్లులు, అన్నీ కుటుంబ వ్యాపారాలే. కొన్ని మిల్లులకి ఐదు నెలలపాటు ఉచితంగా కన్సల్టెంట్లను పంపించారు, తక్కినవాటికి పైపైన పరీక్ష మాత్రం చేశారు. కన్సల్టెంట్లు చెప్పినవి బ్రహ్మవిద్యలేమీ కావు: లోపాలు రోజూ రాయండి, నిల్వలు లెక్కపెట్టండి, యంత్రం ఎందుకు ఆగిందో రాయండి, ఆ అంకెలు ముందు పెట్టుకుని రోజూ కాసేపు కూర్చుని మాట్లాడండి. మొదటి ఏడాదిలోనే ఆ మిల్లుల ఉత్పాదకత 17 శాతం పెరిగింది. అంకెలు దొరకడం మొదలయ్యాక కంప్యూటర్ల వాడకం పెరిగింది, యజమానులు కొన్ని నిర్ణయాలు మేనేజర్లకి వదిలేశారు. వరస చూడండి, అంకెలు అడిగే అలవాటు ముందు, కంప్యూటరు దాని వెనక.

ఆ పరిశోధనలో నన్ను ఆకట్టుకున్న ముక్క ఇంకొకటి ఉంది. ఒక సంస్థ ఎంత పెద్దదవుతుందో ఊహించడానికి దాని నిర్వహణ ఎంత బాగుందన్నదాని కన్నా, యజమాని కుటుంబంలో మగవాళ్ళు ఎంతమంది ఉన్నారన్నది బాగా పనికొచ్చిందట! బయటివాళ్ళ మీద నమ్మకం లేదు, కాబట్టి అన్నదమ్ములు ఎంతమందో మిల్లులు అన్ని. (ఇంట్లో ఉన్న ఆడపిల్లల సంగతి ఎవరికీ తోచలేదు.) తొమ్మిదేళ్ళ తరవాత వెళ్ళి చూస్తే నేర్పిన పద్ధతుల్లో సుమారు సగం వదిలేశారు. కారణం అడిగితే ఎక్కువగా వినబడినవి రెండు: నేర్చుకున్న మేనేజరు వెళ్ళిపోయాడు, యజమానికి తీరిక లేదు.

ప్రభుత్వాలకి ఈ వరస ఇంకా పూర్తిగా ఒంటబట్టలేదు. బ్రిటన్‌లో చిన్న సంస్థలు సాఫ్ట్‌వేర్ కొనుక్కోవడానికి 5,000 పౌండ్ల దాకా రాయితీ ఇస్తామని "హెల్ప్ టు గ్రో: డిజిటల్" పథకాన్ని 2022 జనవరిలో పెట్టారు. అడిగేవాళ్ళు తగినంతమంది లేక 2023 ఫిబ్రవరిలో మూసేశారు. దాని జోడీ "హెల్ప్ టు గ్రో: మేనేజ్‌మెంట్" 2021లో మొదలైంది, ఐదు మంది నుంచి 249 మంది దాకా ఉన్న సంస్థల పెద్దలకి 12 వారాల శిక్షణ. ఖర్చులో 90 శాతం ప్రభుత్వానిది, సంస్థ కట్టేది 750 పౌండ్లు. ఇది మాత్రం నిలబడింది. నిర్బంధం పెడితే ఏమవుతుందో కూడా చూశాం. వ్యాట్ లెక్కలు సాఫ్ట్‌వేర్‌తోనే దాఖలు చెయ్యాలన్న నియమం ఇక్కడ 2019 ఏప్రిల్‌లో మొదలై 2022 ఏప్రిల్ నుంచి వ్యాట్ కట్టే సంస్థలన్నిటికీ వచ్చింది. భారతదేశంలో జి.ఎస్.టి. ఇ-ఇన్వాయిస్ 2020 అక్టోబరులో 500 కోట్ల టర్నోవరు దాటినవాళ్ళతో మొదలై, 2023 ఆగస్టు నాటికి 5 కోట్లు దాటినవాళ్ళ దాకా దిగివచ్చింది. దాఖలు డిజిటల్ అయింది, సందేహం లేదు. కాని ఆ అంకెల్లోంచి "ఈ నెల పసుపు మీద మనకి మిగిలిందెంత?" అని అడిగే యజమాని ఎంతమందిలో ఒకరుంటారు?

సరే, ఈ నేర్పు ఎలా వస్తుంది? కోర్సులు కొంత పనికొస్తాయి గాని, నేను చూసినంతలో ఎక్కువ పనికొచ్చేది వారానికి ఒక గంట. సోమవారం పొద్దున్న ఒకే కాగితం మీద ఐదారు అంకెలు: తప్పు ఆర్డర్లు, రావలసిన బాకీలు, పాడైన సరుకు, అలాంటివి. ఆ కాగితం తయారుచేసేది యజమాని కాకూడదు, చదివి ప్రశ్నలడిగేది మాత్రం ఆయనే కావాలి. ఏది తెలియడం లేదో అప్పుడు ఆయనకే తెలుస్తుంది, ఏది కొనాలో కూడా దాదాపు అప్పుడే తెలుస్తుంది. దానితోపాటు లోపల ఒక మనిషికి పేరు పెట్టి ఈ పని అప్పగించాలి, జీతంలో భాగంగా వారానికి కొన్ని గంటలు దానికే వదలాలి. అందరికన్నా చిన్నవాడు కదా, వీడికి కంప్యూటర్లు వచ్చు అని పెడితే లాభం లేదు. పని ఎక్కడ ఆగుతుందో తెలిసినవాళ్ళు కావాలి. మూడోది, ఇప్పుడు ఎ.ఐ. పేరుతో ఇంటిముందుకి వచ్చే ప్రతివాణ్ణీ "మా డేటా రేపు వెనక్కి కావాలంటే ఏ రూపంలో ఇస్తావు?" అని అడగగలగడం. ఈ ఒక్క ప్రశ్నకి సగంమంది అమ్మకందార్లు నీళ్ళు నములుతారు.

భద్రత కూడా యజమాని పనే అని చాలామంది ఒప్పుకోరు. కెటరింగ్‌లో "నైట్స్ ఆఫ్ ఓల్డ్" అని 1865 నాటి రవాణా సంస్థ ఉండేది. దాని మాతృసంస్థ కె.ఎన్.పి. దగ్గర సుమారు 500 లారీలు. 2023లో దుండగులు వాళ్ళ కంప్యూటర్లకి తాళాలు వేసి డబ్బు అడిగారు. ఒక ఉద్యోగి బలహీనమైన పాస్‌వర్డు ఊహించి లోపలికి వచ్చారని భావిస్తున్నారు. ఆ సెప్టెంబరులో సంస్థ దివాలా తీసింది, 700 మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. వాళ్ళకి ఇన్సూరెన్సు కూడా ఉంది. బ్రిటన్ ప్రభుత్వం 2014లో తెచ్చిన "సైబర్ ఎసెన్షియల్స్"లో ఉన్నవి ఐదే ఐదు: ఫైర్‌వాల్, యంత్రాల సరైన అమరిక, ఎవరికి ఏది అందుబాటులో ఉండాలన్న అదుపు, వైరస్‌ల నుంచి రక్షణ, సమయానికి అప్‌డేట్లు. మనకి ఇవి అక్షరాభ్యాసం లాంటివి. పాతికమంది ఉన్న గోడౌనులో మాత్రం ఎవరో ఒకరు యజమాని చేత సరే అనిపించి వారం రోజులు వెంటబడితే గాని జరగవు.

ఇక్కడే మనలాంటివాళ్ళ అవసరం పడుతుంది. ఇంటికి ఫోను చేసినప్పుడు బావగారో మావయ్యగారో "మా మిల్లుకో సాఫ్ట్‌వేర్ రాసిపెట్టరాదూ" అంటే మనకి చేతులు దురద పెడతాయి. వారాంతంలో డేటాబేసు గీసేస్తాం, మూడు నెలల తరవాత దాన్ని చూసుకునే దిక్కుండదు. దానికి బదులు ఈసారి సెలవులకి వెళ్ళినప్పుడు ఒక రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుమాస్తా పక్కన ఊరికే కూర్చోండి. మూడు సంగతులు కనుక్కోండి: ట్యాలీ డేటా కాపీ ఆ భవనం బయట ఇంకెక్కడైనా ఉందా, వెబ్‌సైటు పేరు ఎవరి పేరున రిజిస్టరయింది, జి.ఎస్.టి. పోర్టల్ ఓ.టి.పి. ఎవరి ఫోనుకి వస్తుంది. మా బంధువుల మిల్లులో ఆ ఫోను నంబరు ఎప్పుడో మానేసిన గుమాస్తాది. రిటర్ను వెయ్యవలసినప్పుడల్లా అతనికి ఫోను చేసి బతిమాలుకుంటున్నారు. నంబరు మార్పించాం. ఇప్పుడది మా చెల్లెలి ఫోనుకి వస్తుంది, సోమవారం కాగితం కూడా తనే రాస్తోంది.