పల్లీ చట్నీ.. ముందు గింజలు ఏరండి!

ఫిల్మ్‌నగర్‌, జూబ్లీహిల్స్‌ వైపు తెల్లారకముందే షూటింగ్‌కు బయల్దేరేవాళ్లలో చాలామందికి టిఫిన్‌ బండే దిక్కు. ప్లేటులో ఇడ్లీ ఉన్నా దోసె ఉన్నా పక్కన కారంకారంగా పల్లీ చట్నీ పడాల్సిందే. ఇంట్లో అయితే అది పావుగంట పని. కాకపోతే మిక్సీ జార్‌ తీసేముందు పల్లీలను పళ్లెంలో పరిచి ఓసారి చూడండి.

ముడుచుకుపోయినవి, రంగు మారినవి, ముక్క వాసన వచ్చేవి ఏరి పారేయాలి. ‘వేయిస్తే అన్నీ పోతాయిలే’ అనుకుంటాం. కానీ తేమ తగిలిన గింజల మీద పెరిగే ఆస్పర్‌జిల్లస్‌ బూజు అఫ్లాటాక్సిన్‌ అనే విషాన్ని తయారుచేస్తుంది. మూకుడు వేడికి అది పూర్తిగా నశించదు. ఏళ్ల తరబడి ఒంట్లోకి చేరితే కాలేయ క్యాన్సర్‌ ముప్పు పెరుగుతుంది. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌ శాస్త్రవేత్తలు దీని మీద పరిశోధనలు చేస్తున్నదీ అందుకే. నమిలినప్పుడు చేదు తగిలిందా, మొహమాటం లేకుండా ఉమ్మేయండి.

ఏరిన పల్లీలు 100 గ్రాములు సన్నమంట మీద దోరగా వేయించి, నలిపి పొట్టు తీయండి. చెంచా నూనెలో ఆరు పచ్చిమిర్చి, రెండు వెల్లుల్లి రెబ్బలు మగ్గించి, కాస్త చింతపండు, ఉప్పు వేసి రుబ్బండి. పైన ఎండుమిర్చి, కరివేపాకు పోపు.

ఆ పల్లీల్లో దాదాపు 25 గ్రాముల ప్రొటీన్‌ ఉంటుంది, 567 క్యాలరీలూ ఉంటాయి. ఐదుగురు పంచుకుంటే తలా 110 పైమాటే. గిన్నెడు చట్నీ లాగించి ‘రెండిడ్లీలే తిన్నా’ అంటే కుదరదు! పల్లీ అలర్జీ ఉన్నవాళ్లు మాత్రం రుచి కూడా చూడొద్దు, ప్రాణం మీదికి రావచ్చు. మిగిలిన చట్నీని వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాటికల్లా ముగించేయండి.