పలకల గచ్చు: అంచనాను మనమే సరిచూచుకొందము

అంగన్‌వాడీ గదులకును, పంచాయతీ కార్యాలయములకును, స్వగృహములకును పలకల గచ్చు వేయించుట నేడు పల్లెలలో పరిపాటియైనది. మేస్త్రీ నోటిలెక్కను నమ్మి సరకు తెప్పించుటయు పరిపాటియే. పని నడుమ పలకలు చాలకపోయినచో ఏమగును? పలకలు బట్టీలో కాలి వచ్చునవి. ఒక దఫా కాల్చిన వాటి రంగు మరియొక దఫా వాటితో సరిగా కలియకపోవచ్చును. తరువాత తెచ్చినవి నేలపై మాసికవలె కనబడును. అధికముగా తెప్పించినచో గ్రామనిధి మూలన పడియుండును. ఈ రెండు నష్టములను తప్పించుటకు ఒక టేపు, ఒక కాగితము చాలును.

ఉదాహరణకు 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పుగల అంగన్‌వాడీ గదిని తీసికొందము. నేల వైశాల్యము 300 చదరపు అడుగులు. గోడల మొదట 4 అంగుళముల ఎత్తున వేయు స్కర్టింగును పలువురు మరచెదరు. గది చుట్టుకొలత 70 అడుగులు. ద్వారమునకు 4 తీసివేయగా 66 అడుగులు. 4 అంగుళములన్న అడుగులో మూడవ వంతు గనుక స్కర్టింగునకు 22 చదరపు అడుగులు పట్టును. మొత్తము 322. కోతలలోను, విరుగుళ్లలోను పోవుదానికి నూటికి 10 చొప్పున చేర్చగా సుమారు 354 చదరపు అడుగులగును.

ఇచట ఒక మెలిక కలదు. అంగడిలో ‘రెండడుగుల పలక’ అనబడునది నిజమునకు 600 మిల్లీమీటర్లది. రెండడుగులన్న సుమారు 610 మిల్లీమీటర్లు. కావున పలక వైశాల్యము 4 చదరపు అడుగులు కాదు, సుమారు 3.875 మాత్రమే. ఆ లెక్కన 92 పలకలు, పెట్టెకు నాలుగు చొప్పున 23 పెట్టెలు వలయును. నేలను మాత్రమే కొలిచి, పలకకు 4 చదరపు అడుగులు వేసికొన్నచో 75 పలకలు, 19 పెట్టెలే తేలును. ఆ నాలుగు పెట్టెల లోటు పని చివరకు వచ్చినపుడు గాని బయటపడదు.

ఇక సందులు నింపు గ్రౌటు పొడి. పలక ఒక్కింటికి రెండు అంచుల సందు లెక్కకు వచ్చును. అనగా 120 సెంటీమీటర్లు. సందు వెడల్పు 3 మిల్లీమీటర్లు, లోతు 10 మిల్లీమీటర్లు అయినచో 36 ఘన సెంటీమీటర్లు నింపవలెను. ఘన సెంటీమీటరుకు సుమారు 1.6 గ్రాముల చొప్పున పలకకు 58 గ్రాములు పట్టును. నేలకును, స్కర్టింగునకును కలిపి పట్టు 83 పలకలకు 5 కిలోలకు కొంచెము తక్కువ. వృథాతో కలిపి 6 కిలోలు చాలును. అడుగు పలకలు వేసినచో అదే నేలకు సందుల పొడవు రెట్టింపగును గనుక పొడియు రెట్టింపు కావలెను.

సరకు దిగినపుడు సభ్యులు పెట్టెలను లెక్కించి, అన్నిటిపై దఫా సంఖ్యయు, రంగు సంఖ్యయు ఒక్కటే యగునా అని చూడవలెను. పిల్లలు తడికాళ్లతో తిరుగు చోట జారని గరుకు పలకలనే కోరవలెను. మిగిలిన పలకలను మరమ్మతులకై భద్రపరచి, ఆ సంఖ్యను రిజిస్టరులో వ్రాయవలెను. బిల్లుపై సంతకము చేయుటకు ముందు ఈ లెక్కను ఒక్కమారు వేసి చూచిన సభ్యుడు, గ్రామస్థుడు ప్రశ్నించిననాడు తడబడక సమాధానము చెప్పగలడు.