వాయిదా కట్టేముందు నేల చూడాలి

వాయిదాలు కట్టండి, గడువు తీరాక ప్లాటు గానీ పైకం గానీ పుచ్చుకోండి అన్న అగ్రిగోల్డ్ మాట నమ్మి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో ఎందరో కూలీలు, చిన్న రైతులు సొమ్ము కట్టి నష్టపోయారు. పలు రాష్ట్రాల్లో బాధితులు సుమారు 32 లక్షలు. రూ.10 వేల లోపు కట్టినవారికి 2019లో, రూ.20 వేల లోపువారికి 2021లో రాష్ట్ర ప్రభుత్వం చెల్లింపులు జరిపింది. పెద్ద మొత్తాలు కట్టినవారికి ఆ ఊరట దక్కలేదు.

హోటలు గదుల్లో బస హక్కు పేరిట పైకం వసూలు చేసిన పాన్‌కార్డ్ క్లబ్స్‌ను ఆ సొమ్ము తిరిగివ్వాలని 2016లో సెబీ ఆదేశించింది.

ప్లాటైనా, విడిది గదైనా సర్వే నంబరు అడగాలి. స్వయంగా వెళ్లి చూడాలి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయించాలి. రిజిస్టరు కాని బాండుతో నేల సొంతం కాదు. ఏజెంటు చుట్టమైనా మొహమాటం కూడదు. చుట్టరికం చుట్టరికమే, కాగితం కాగితమే.