లావణి పట్టా

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో రోడ్డు పక్క చెలకలు ప్లాట్లుగా మారుతున్న కొద్దీ ఈ మాట కోర్టుల్లో ఎక్కువగా వినిపిస్తోంది. భూమిలేని పేదలకు సర్కారు ఇచ్చిన పట్టా ఇది. వారసులు అనుభవించవచ్చు, అమ్మకూడదన్నది సాధారణంగా ఉండే షరతు. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ఆ షరతుకు కోరలిచ్చింది: అమ్మకం చెల్లదు, భూమిని సర్కారు వెనక్కి తీసుకోవచ్చు. ఇళ్ల స్థలాలకూ ఇదే వర్తిస్తుంది.

అయితే చట్టం పట్టుకునేది అమ్మరాదన్న షరతుతో ఇచ్చిన భూమినే. తెలంగాణ ప్రాంతంలో ఆ షరతు 1958 జులై 25 నాటి 1406 జీవోతో వచ్చింది. అందుకే కోర్టులో మొదటి ప్రశ్న: పట్టా ఏ తేదీది? అంతకుముందు 1950 లావణి నిబంధనల కింద షరతు లేకుండా ఇచ్చిన భూమిని అమ్ముకోవచ్చని హైకోర్టు తీర్పులున్నాయి. అసలు కాగితం చెదలు తిన్న ఇంట్లో పాత పహాణీ నకలే దిక్కు. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింది నిషేధిత జాబితాలో సర్వే నంబరు పడితే రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. తాత పేర పట్టా ఉన్నా మనవడు తహసీల్ ఆఫీసు చుట్టూ తిరగాల్సి రావడం అన్యాయం.

షరతు పేదను కాపాడటానికి పుట్టింది, అతని పరిహారం కోయడానికి కాదు. 2004లో మేకల పాండు కేసులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం ఆ మాటే తేల్చింది: ప్రజావసరాలకు అసైన్డ్ భూమి తీసుకుంటే సొంత పట్టాదారుతో సమానంగా మార్కెట్ విలువ చెల్లించాలి.